జాబితాలో చివరి పేరు

గెలిచినందుకు ఫెన్నా రోయ్‌మాకర్‌ను ఎవరూ తిట్టలేదు. గెలవకుండా ఉండి ఉంటే ఎంత హాయిగా ఉండేదో అని మాత్రం పార్టీ పెద్దలంతా అనుకున్నారు. ఆ మాట ఆమెతో ఎవరు చెప్పాలన్నదే వాళ్ళకు చిక్కైంది. చివరికి నాయకుడు మార్నిక్సే ఒక పూలగుత్తి కొనుక్కుని బయల్దేరాడు.

అసలు ఆవిడేం అడిగింది గనక? నగర సభకు పోటీకి నిలబెట్టమని ఫెన్నా ఎవరి గుమ్మమూ తొక్కలేదు. కిందటి ఏడు ఆకులు రాలే కాలంలో వాళ్ళే ఆమె గుమ్మంలోకి వచ్చారు. ఉత్తర రేవు పేటలో ఆమె మంత్రసాని. చదువుకుని, పట్టా పుచ్చుకుని, సొంతంగా గది తెరిచి బోర్డు పెట్టుకున్న మంత్రసాని. పేటలో పిల్లలు సగానికి సగం ఆమె చేతుల మీద పుట్టినవాళ్ళే. అలా పుట్టినవాళ్ళు పెరిగి పెద్దవాళ్ళై, ఇప్పుడు తమ కాన్పులకీ ఆమెనే పిలుస్తున్నారు. చేపల కొట్టు ముందు వరసలో నిలబడ్డా సరే, ఎవరో ఒకరు చంటిదాని బొడ్డు ఇంకా ఊడలేదని చెప్పకుండా ఆమెను ఇంటికి పోనివ్వరు. అలాంటి మనిషి మొహం పోస్టరు మీదికెక్కితే ఓట్లు వాటంతటవే నడిచొస్తాయని మార్నిక్స్‌కు తట్టింది.

"మీరేం చెయ్యక్కర్లేదు ఫెన్నా," అన్నాడు ఆ రోజు ఆమె ముందుగదిలో కూర్చుని. "జాబితాలో అట్టడుగున చివరి పేరు మీది. మేం దాన్ని తోపుడు పేరంటాం. బండిని వెనక నుంచి తోసిపెట్టడం అన్నమాట. మిమ్మల్ని చూసి పేటవాళ్ళు నాలుగు ఓట్లు మా జాబితాకు వేస్తారు. సభకు రానక్కర్లేదు, మీ పని మీరు చేసుకోవచ్చు."

"తోసినందుకు నాకేమిటి?"

"మీకేం కావాలో చెప్పండి."

"వంతెన," అంది ఫెన్నా.

ఉత్తర రేవును ఊరితో కలిపేది ఒక్క వంతెనే. ఇనుప వంతెన, పాతది, పడవలొస్తే నడుమ విడి పైకి లేస్తుంది. దాన్ని బాగుచెయ్యడం దండగ, పీకేసి సైకిళ్ళకూ మనుషులకూ చిన్న రేవు పడవ ఒకటి తిప్పితే సరిపోతుంది, కార్లు ఊరు చుట్టి సొరంగంలోంచి రావచ్చు అని నగర సభలో కొందరు లెక్క కట్టారు. గట్టున కొత్తగా లేస్తున్న అద్దాల మేడల ముందుకు విహార పడవలు రావాలంటే ఈ వంతెన అడ్డమట. ఊరు చుట్టి వచ్చే కార్లలో అంబులెన్సు కూడా ఒకటని ఆ కాగితాలు రాసినవాళ్ళకు తోచలేదు. తోచిందేమో, రాయలేదేమో, వాళ్ళకే తెలియాలి.

రేవు పేటలో ఇంట్లోనే కంటామనే ఆడవాళ్ళు ఇప్పటికీ ఎక్కువ. ఇంటి కాన్పుకు మంత్రసాని చేతులు ఎంత అవసరమో, ఏదన్నా తేడా వస్తే బయటికి పోయే దారి అంత అవసరం. మూడేళ్ళ కిందట పేటలోనే ఉండే సౌమాయా అనే అమ్మాయికి నొప్పులు తేలిగ్గానే వచ్చాయి, బిడ్డ తేలిగ్గానే పుట్టింది, పుట్టగానే గుక్కపెట్టి ఏడ్చింది, గదిలో అందరూ నవ్వారు. ఆ నవ్వు మొహాల మీద ఉండగానే నెత్తురు మొదలైంది. ఇక ఆగలేదు. ఫెన్నా మందు ఇచ్చింది, పిడికిలితో కడుపు నొక్కి పట్టుకుని కూర్చుంది, వంతెన మీంచి సైరను వినబడేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. ఆస్పత్రిలో డాక్టరు "ఇంకో పావుగంట గనక ఆలస్యమైతే" అని అక్కడికే ఆపేశాడు. సొరంగం గుండా చుట్టి వస్తే సరిగ్గా ఆ పావుగంటే పడుతుంది. ఇది ఫెన్నాకు తెలుసు, పేటలో కన్న ప్రతి తల్లికీ తెలుసు.

"వంతెన సంగతి మాకొదిలెయ్యండి," అన్నాడు మార్నిక్స్. "పోస్టరు మీదే వేయిస్తాం. మీ బొమ్మ, కింద 'వంతెన ఉంటుంది' అని. సరేనా?"

"మాటేనా?"

"మాటే. మరి మీరు? సభలో కూర్చోవాలని తర్వాత పట్టుబట్టరుగా?"

"వంతెన ఉంటే నాకు సభతో పనేముంది?" అంది ఆమె. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

ఆ చలికాలమంతా ఆమె తిరిగింది. తోపుడు పేరు అంత తిరగనక్కర్లేదు, ఎవరూ తిరగరు. ఆమె మాత్రం కాన్పుకీ కాన్పుకీ మధ్య సైకిలేసుకుని వీధి వీధీ తొక్కింది. తలుపు తీసినవాళ్ళు ముందు ఉలిక్కిపడి "మా ఇంట్లో ఎవరూ కడుపుతో లేరే" అనేవారు. తర్వాత నవ్వి లోపలికి రమ్మనేవారు. సంతలో వానలో నిలబడి పార్టీవాళ్ళ బఠాణీ సూపు గరిటెలతో పోసింది. ఆమె భర్త వీబె ఓడలకు రంగులేసే పని చేస్తాడు, ఒక్క మాట అనడానికి పది సార్లు ఆలోచించే మనిషి. అతను కూడా ఉండబట్టలేక "అడుగునున్నదానివి, పైనున్నవాళ్ళకన్నా నీకే కాళ్ళు అరుగుతున్నాయేం?" అన్నాడు.

"వాళ్ళు కుర్చీ కోసం తిరుగుతున్నారు. నేను వంతెన కోసం తిరుగుతున్నాను," అంది.

మార్చిలో ఓట్లు పడ్డాయి. మా ఊళ్ళో ఓటు కాగితం భోజనాల బల్ల మీద పరిచే దుప్పటంత ఉంటుంది. ఒక్కో పార్టీకి ఒక్కో వరస, వరస పొడుగునా పేర్లు. జనం పైపేరు పక్కన గడిని ఎర్ర పెన్సిలుతో నింపేసి, మడత పెట్టి వచ్చేస్తారు. ఈసారి రేవు పేట జనం మాత్రం ఆ దుప్పటిని మొత్తం విప్పి, అంచుదాకా వెతుక్కుని, అడుగున ఉన్న పేరు పక్కన ఎరుపు నింపారు. వెయ్యి మందికి పైనే నింపారు. జాబితాలో ఎంత కిందున్నా సరే, సొంత పేరు మీద ఒక గీత దాటి ఓట్లు వస్తే పైవాళ్ళను దాటుకుని నేరుగా సభలోకి పోవచ్చని చట్టం. తోపుడు పేర్లకు అన్ని ఓట్లు ఎప్పుడూ రావు గనక ఆ చట్టాన్ని ఎవరూ గుర్తుంచుకోరు. మార్నిక్స్ పార్టీకి ఐదు కుర్చీలు వచ్చాయి. ఐదోది డౌవె అనే కుర్రాడిదని అందరూ అనుకుంటుండగా అది ఫెన్నాది అయింది. డౌవె అప్పటికే కొత్త సూటు కుట్టించుకున్నాడు, పాపం.

ఆ శనివారం వీబె పుట్టినరోజు. ముందుగదిలో కుర్చీలన్నీ గుండ్రంగా వేసి ఉన్నాయి. చుట్టాలూ ఇరుగుపొరుగూ వరసగా కూర్చుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, తలా ఒక ఆపిల్ కేకు ముక్కతో, కాఫీతో కాలక్షేపం చేస్తున్నారు. మార్నిక్స్ వచ్చి, పుట్టినరోజు మనిషినే కాక అతని వాళ్ళందరినీ అభినందించే మా ఊరి పద్ధతి ప్రకారం ఆ చుట్టంతా తిరిగాడు. వీబె అక్కతో చెయ్యి కలిపి "మీ తమ్ముడి పుట్టినరోజుకు అభినందనలు" అన్నాడు. పక్కింటి హెర్మీనాతో "మీ పొరుగాయన పుట్టినరోజుకు అభినందనలు" అన్నాడు. సౌమాయా ఒళ్ళో కూర్చున్న మూడేళ్ళ పిల్లకు కూడా చెయ్యిచ్చి అభినందించాడు. పద్ధతికి ఎక్కడా లోటు చెయ్యలేదు. అదంతా అయ్యాక "ఒక్క నిమిషం ఫెన్నా" అని వంటగది వైపు కళ్ళతో చూపించాడు.

వంటగదిలో ఆమె అతనికి కాఫీ పోసిచ్చి పూలు గాజు కూజాలో పెడుతుంటే అతను తలుపు దగ్గరగా వేశాడు.

"ఇంతమంది మీ పేరు వెతుక్కుంటారని మేమెవరమూ అనుకోలేదు," అన్నాడు.

"నేనూ అనుకోలేదు."

"అదే నేననేది. ఎవరమూ అనుకోని బరువు మీ నెత్తిన పడకూడదు. మీకా, ఏ వేళప్పుడు ఫోను మోగుతుందో తెలీదు. సభంటే వారం వారం సమావేశాలు, చదవడానికి గంపెడు కాగితాలు. మీరు వద్దనుకున్నారంటే ఎవరూ తప్పు పట్టరు. ఒక్క ముక్క రాసి పంపితే కుర్చీ డౌవెకి పోతుంది, మీకు తలనొప్పి వదులుతుంది."

ఫెన్నా కుళాయి కట్టేసింది. "వంతెన ఎంతవరకు వచ్చింది?"

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. "మాట్లాడుతున్నాం. పాలనలోకి రావాలంటే ముగ్గురం నలుగురం కలవాలి కదా. అవతలివాళ్ళు పట్టుగా ఉన్నారు. పైగా అందరం కలిసినా మాకుండేది ఒక్క ఓటు ఆధిక్యం. అందుకని, ఎలా చెప్పాలి, అందరం ఒకేసారి చెయ్యెత్తాలి."

"అంటే వంతెన ఇచ్చేశారు."

"ఇంకా ఇవ్వలేదు. బడులకు డబ్బు వస్తోంది, పార్కులకు వస్తోంది. అన్నీ మనకే కావాలంటే ఎలా? మీరు ప్రసూతి సలహా సంఘానికి అధ్యక్షురాలిగా ఉండండి. ఆ సంగతి నేను చూసుకుంటాను. అక్కడైతే మీ అనుభవానికి విలువ ఉంటుంది."

ఫెన్నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బొమ్మ కావలసినప్పుడు ఆమె అనుభవం గుర్తు రాలేదు, ఆమె నోరు మూయించవలసినప్పుడు గుర్తొచ్చింది. కూరలో కరివేపాకు అంటే ఇదే కాబోలు. రుచికి వేసుకోవడం, తినేటప్పుడు ఏరి పక్కన పెట్టడం.

"మీరు మాటిచ్చారు ఫెన్నా," అన్నాడతను మెల్లిగా. "సభకు రానని."

"ఇచ్చాను. అదే పూట నువ్వూ ఒకటిచ్చావు." ఆమెకు తెలియకుండానే మీరు కాస్తా నువ్వులోకి దిగింది. "నీది నువ్వు నిలబెట్టుకో. ఒప్పందంలో వంతెన ఉంటుందని రాయించు. ఆ సాయంత్రమే నేను తప్పుకుంటాను. డౌవె సూటుకి టై కూడా నేనే కొనిపెడతాను."

"అదిప్పుడు రాయించడం కుదరదు. నన్ను నమ్మండి."

"నిన్ను నమ్మే కదా సూపు పోశాను."

మార్నిక్స్ నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పులో ఓపిక ఉంది. చిన్నపిల్లలకు లెక్కలు చెప్పేవాడి ఓపిక. "చూడండి, కోపంలో ఉన్నారు కాబట్టి అర్థం కావట్లేదు. జనం ఓటేసింది పార్టీకి. మీ పేరు ఆ జాబితాలో ఉంది గనక మీ పేరు మీద వేశారు. అంతేగానీ మీకు వేసినట్టు కాదు."

"ఏదీ, ఆ మాట మళ్ళీ అను."

ఆమె తలుపు బార్లా తెరిచింది.

"రా, వాళ్ళతో చెప్పు. నాతో చెప్పినట్టే చెప్పు."

ముందుగదిలో అందరూ ఇటు తిరిగారు. మార్నిక్స్ గుమ్మంలో నిలబడ్డాడు. ఇంతమంది మధ్య ఆ మాట అనడం ఎంత కష్టమో అతని మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. అయినా అతను నాయకుడు, నోరు పెట్టుకు బతికేవాడు. నవ్వు తెచ్చుకుని, ఓట్లు పార్టీకి పడ్డాయనీ, ఫెన్నా గారికి విశ్రాంతి కావాలనీ, వంతెన గురించి అందరూ కలిసి ఆలోచిస్తున్నారనీ చక్కగా చెప్పాడు. మధ్యలో రెండుసార్లు "మన పేట" అన్నాడు. అతని ఇల్లు ఊరికి దక్షిణాన ఉంది.

హెర్మీనా పళ్ళెం పక్కన పెట్టింది. ఎనభై దాటిన మనిషి, చెవులు సరిగా పనిచేయవు, నోరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

"నాయనా, ఆ రోజు నేను కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి పోయాను," అంది. "ఆ కాగితం పరుచుకుని, వేలు పెట్టి ఒక్కో పేరూ కూడబలుక్కుంటూ కిందికి దిగాను. వెనక వరసలో వాళ్ళు సణుగుతున్నారు కూడా. మొట్టమొదట ఉన్నది నీ పేరే. కనబడింది. దాటుకునే పోయాను."

ఎవరో కిసుక్కున నవ్వి దగ్గు కింద మార్చేశారు.

"నేను ఈ దేశంలో పుట్టాను, ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఓటు వెయ్యలేదు," అంది సౌమాయా. ఆమె గొంతు పెద్దది కాదు. "మాలాంటి వలసొచ్చినవాళ్ళ పిల్లలు వేసినా వెయ్యకపోయినా ఒకటేనని. ఈసారి వేశాను. ఎవరికి వేశానో నాకు తెలుసు. నా ఓటు ఎవరిదో నువ్వు నాకు చెప్పక్కర్లేదు."

పిల్ల అమ్మ మొహంలోకి చూసింది. మార్నిక్స్ కాఫీ కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకో కప్పు పోయమంటావా?" అని అడిగాడు వీబె. మా ఊళ్ళో రెండో కప్పు కావాలా అని అడగడం మర్యాద. ఆ రోజు ఆ మర్యాదలో ఇంకేదో కూడా ఉంది.

"వద్దండీ, బయల్దేరతాను," అన్నాడు మార్నిక్స్. పోయేటప్పుడు మళ్ళీ చుట్టంతా తిరిగి అందరితో చేతులు కలిపాడు. ఆ తిరగడం అతనికి చాలా పొడుగనిపించి ఉంటుంది.

అందరూ వెళ్ళిపోయాక వీబె కుర్చీలన్నీ సర్దాడు. తర్వాత అన్నాడు, "అక్కడ ఒక్కదానివే అయిపోతావు."

"అవుతాను."

"ఆ పార్టీలో నీతో కాఫీ తాగేవాడు కూడా ఉండడు."

"కాఫీకి వెళ్ళట్లేదు గదా," అంది ఫెన్నా. అన్నదే గానీ మొహం అటు తిప్పుకుని పళ్ళేలు గబగబా ఏరసాగింది. అవమానానికి కోపం ఒక్కటే రాదు, ఏడుపు కూడా వస్తుంది, ఆ రెండోదాన్ని ఎవరికీ చూపించకూడదని మనిషి మరింత కోపం తెచ్చుకుంటుంది. వీబె దగ్గరికొచ్చి ఆమె చేతిలోంచి పళ్ళేలు తీసుకున్నాడు. సోమవారం పొద్దున ఆమె సభ్యత్వం ఒప్పుకుంటున్నట్టు రాసి పంపింది.

వీబె చెప్పినట్టే అయింది. ప్రమాణం చేసిన రోజున మిగతా నలుగురూ ఆమెకు చెయ్యి కలిపి, తర్వాత ఆమె లేకుండా సమావేశం పెట్టుకున్నారు. ఆమెకు రావలసిన కాగితాలు ఆలస్యంగా వచ్చేవి. ఆమె లేచి నిలబడితే మార్నిక్స్ తన ఫోనులోకి చూసుకునేవాడు. ఒకసారి నడవలో డౌవె ఎదురయ్యాడు. ముందు మొహం తిప్పుకున్నాడు, రెండడుగులు వేసి వెనక్కొచ్చి "మా అక్క కడుపుతో ఉంది, మీ పేటలోనే ఉంటుంది" అని ఆగిపోయాడు. "నా నంబరు ఆమె దగ్గరుంది," అంది ఫెన్నా. ఆ పార్టీలో ఆమెతో మనిషిలా మాట్లాడినవాడు అతనొక్కడే, అతనికే ఆమె కుర్చీ లేకుండా చేసింది.

మే నెలలో పాలన ఒప్పందం బయటికొచ్చింది. అందులో వంతెనకు ఒక పేరా కేటాయించారు. "ఉత్తర రేవుకు నీటి మీదుగా ఆధునిక రాకపోకలు" అని ఉంది. పీకేస్తామన్న మాట ఎక్కడా లేదు. ఆ పేరాను ఫెన్నా నాలుగుసార్లు చదివి, నాలుగోసారి కాగితాన్ని బల్ల మీద బోర్లించింది. పీకేసేదాన్ని పీకేస్తామని చెప్పే ధైర్యం కూడా లేదు వీళ్ళకు.

వేసవి సెలవులకు ముందు, ఆఖరి సభలో ఆ పేరా తీర్మానంగా ఓటుకు వచ్చింది. రేవు పేట జనం పైన మెట్ల వరసల్లో నిండిపోయారు. ఫెన్నాకు మాట్లాడటానికి కొద్ది నిమిషాలిచ్చారు. అన్నీ వాడుకోలేదామె.

"మీలో చాలామంది ఆస్పత్రిలో పుట్టి ఉంటారు," అంది. "మంచిదే. మా పేటలో ఇంట్లో కంటారు. కన్నాక ఒక్కోసారి నెత్తురు ఆగదు. అది ఎవరికి వస్తుందో ముందు నాకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు. వచ్చినప్పుడు నా చేతులు కొంతసేపే ఆపగలవు. ఆ కొంతసేపట్లో బండి రావాలి. రేవు పడవ మీద రాదు. చుట్టి వస్తే వచ్చేసరికి నేను ఆ ఇంట్లో దుప్పటి కప్పుతుంటాను. ఏ ఇంట్లోనో మీరు నాకు చెప్పండి. ఎవరి కూతురో చెప్పండి. చెప్పి, తర్వాత చెయ్యెత్తండి."

సభకు మేయరు అధ్యక్షుడు. ఆయన గొంతు సవరించుకుని, పేరుపేరునా ఓటు అడగవలసిందిగా విన్నపం వచ్చిందన్నాడు. పేర్లు మొదలయ్యాయి. ఒక్కొక్కరూ "అనుకూలం" అనో "వ్యతిరేకం" అనో చెబుతూ వస్తున్నారు. మార్నిక్స్ పక్క కుర్చీలోంచి ఆమె వైపు వంగాడు.

"ఆలోచించుకోండి ఫెన్నా. ఇవాళ మీరు వ్యతిరేకమంటే రేపటి నుంచి ఈ పార్టీలో లేరు. ఒక్కరే కూర్చుంటారు, నాలుగేళ్ళు."

"రోయ్‌మాకర్," అని పిలిచాడు మేయరు.

"వ్యతిరేకం," అంది ఫెన్నా. అప్పుడు మార్నిక్స్ వైపు తిరిగింది. "ఇన్నాళ్ళూ ఒక్కదాన్నేగా కూర్చున్నది. నీకు తెలీలేదా?"

లెక్క చూశారు. ఒక్క ఓటు తక్కువైంది. తీర్మానం వీగిపోయింది. పైన మెట్ల మీద ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. సభలో చప్పట్లు నిషేధమని మేయరు సుత్తి కొట్టాడు. అందరూ ఆపారు గానీ హెర్మీనా ఆపలేదు. తనకు సుత్తి వినబడలేదని తర్వాత అందరికీ చెప్పుకుంది.

మర్నాడు పొద్దున్నే పార్టీ నుంచి ఫెన్నాకు ఒక సందేశం వచ్చింది. మీతో కలిసి పనిచేయడం ఇక సాధ్యం కాదని, ఇన్నాళ్ళ సహకారానికి కృతజ్ఞతలనీ. ఆమె దాన్ని ఊళ్ళో ఒక బాలింత ఇంటి మెట్ల మీద నిలబడి చదివి, ఫోను జేబులో వేసుకుని, లోపలికెళ్ళి బిడ్డను తూచింది. బిడ్డ పుట్టిన ఇంట వచ్చినవాళ్ళకు పెట్టే, గులాబీ రంగు సోంపు మిఠాయి చల్లిన రొట్టె తల్లి పెట్టింది. అది సగం తినేసరికి ఫోను మళ్ళీ మోగింది. ఈసారి డౌవె అక్క. నొప్పులు దగ్గరపడ్డాయి, ఇంట్లో ఒక్కతే ఉంది. ఫెన్నా రొట్టె నోట్లో కుక్కుకుని సంచి సైకిలుకు తగిలించింది.

వంతెన దగ్గరికొచ్చేసరికి సైకిలు దారికి అడ్డంగా మనుషులున్నారు. ఒక ఫోటోగ్రాఫరు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. అతని ముందు ఇనుప కమ్మీకి చెయ్యానించి, గాలికి జుట్టు ఎగరనిస్తూ నిలబడ్డాడు మార్నిక్స్. పక్కన పత్రిక అమ్మాయి రాసుకుంటోంది. అతను చెబుతున్నది ఫెన్నా చెవిన స్పష్టంగా పడింది: "ఎన్నికల ముందు ఈ పేటకు మా పార్టీ ఒక మాట ఇచ్చింది. ఎన్ని ఒత్తిళ్ళొచ్చినా ఆ మాట నిలబెట్టుకున్నాం."

ఆమె సైకిలు ఆగింది. ఎంత సిగ్గులేనితనం ఉంటే మనిషి ఈ పని చేయగలడు? సభలో అనుకూలమన్న నోటితో, రాత్రి గడిచీ గడవకముందే ఈ మాట ఎలా వస్తుంది? చెప్పడానికి ఆమె దగ్గర చాలా ఉంది. పత్రిక అమ్మాయి రాసుకోవడానికి సిద్ధంగా కూడా ఉంది. వినేవాళ్ళున్నారు, నిలబడటానికి చోటుంది, అంతా ఉంది.

మార్నిక్స్ ఆమెను చూశాడు. మొహం ఒక్కసారి ఎర్రబడి, వెంటనే సర్దుకుంది. "అరే, ఫెన్నా. సరైన సమయానికి వచ్చారు. రండి, ఒక ఫోటోలో మీరు కూడా ఉంటే బాగుంటుంది."

ఫెన్నా సైకిలు గంట గట్టిగా మోగించింది.

"పక్కకు జరుగు," అంది. "అవతల డౌవె అక్క కంటోంది."

అతను జరిగాడు. ఆమె పెడలు మీద లేచి నిలబడి వంతెన ఎక్కింది.